ఎండుచేపల వరసలో నా చోటు

ముప్పై మూడేళ్లకే రిటైరయ్యానని చెబితే ఎవరైనా నవ్వుతారు. మా ఆయన ఇప్పటికీ నవ్వుతూనే ఉంటారు. కానీ తొమ్మిదేళ్లు చేసిన పనిని ఇక చేయనని తెలిసినప్పుడు దానికి ఇంకో మాట ఏముంది?

నేను ఒక పత్రికకు రేపల్లె కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. ఉండేది తెనాలిలో. పొద్దున్నే రైల్లో రేపల్లె వెళ్లి, సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని. ప్రమాదాలు, మీటింగులు, పంట నష్టాలు అందరిలాగే రాశాను. వాటితోపాటు వారానికొకసారి ‘బజారు కబుర్లు’ అని ఒక చిన్న శీర్షిక రాసేదాన్ని. రేపల్లె బజారు ఎలా పుట్టింది, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏ కొట్టుకు ఆ పేరు ఎందుకు వచ్చింది, ఇలాంటి సంగతులు. తొమ్మిదేళ్లలో ఇది నాది అనిపించిన పని అదొక్కటే.

పాప పుట్టాక మానేశాను. పాపకు జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. మొదటిసారి వచ్చినప్పుడు నేను పక్కగదిలో బట్టలు మడత పెడుతున్నాను. ఆ తర్వాత పాప కళ్ల ముందు లేకపోతే నాకు ఊపిరి ఆడదు. ఈలోగా మా ఆయనకు బాపట్ల బ్రాంచికి బదిలీ అయింది. ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాం. పాప నిద్రపోయాక, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని, వంటింటి లైటు కింద కూర్చుని ఇది రాస్తున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. వార్త ఎలా రాయాలో మీకు ఎవరైనా నేర్పుతారు. ఒక చిన్న ఊరిని ఎలా తెలుసుకోవాలో ఎవరూ నేర్పరు. ఇంకో మాట కూడా ముందే చెబుతున్నాను. దీనిలో కుళ్లు ఉంటుంది, నా తర్వాత ఆ పనిలోకి వచ్చిన అమ్మాయి మీద. దాన్ని తీసేసి రాద్దామని చూశాను. తీస్తే ఏమీ మిగల్లేదు.

చివరి స్టేషను

రేపల్లె గురించి ముందు తెలుసుకోవలసింది, రైలు అక్కడితో ఆగిపోతుందని. ముందుకు పట్టాలు లేవు. భట్టిప్రోలు దాటిందంటే రైల్లో మిగిలినవాళ్లంతా దాదాపు రేపల్లె మనుషులే. నిద్రపోయేవాళ్లను ఎవరూ లేపరు. దాటిపోతుందన్న భయం లేదు కాబట్టి ఎవరికీ తొందర ఉండదు. ఆ తొందరలేనితనం రైలు దిగి బజారులోకి కూడా వస్తుంది. రేపల్లెలో అరకిలో పంచదార కొనడానికి వెళ్లి చూడండి. మీరు వేరే ఎక్కడికీ పోవలసిన పని లేదన్నట్టు కొట్టు మనిషి మాట్లాడతాడు.

పెనుమూడి దగ్గర కృష్ణ మీద వంతెన లేని రోజుల్లో దివిసీమ వైపు జనం పడవల మీద ఏరు దాటి ఇక్కడికి వచ్చి రైలెక్కేవారు. పడవకూ రైలుకూ మధ్య గంటలు గంటలు ఎదురుచూపు. ఆ ఎదురుచూపులోనే బట్టలు కొన్నారు, మందులు కొన్నారు, పెళ్లిసామాన్లు కొన్నారు. మిగతా ఊళ్లలో బజారు సంతలోంచి పుట్టి ఉంటుంది. ఈ ఊళ్లో రైలు కోసం చూసిన చూపులోంచి పుట్టింది. అందుకే పాత కొట్ల ముందు ఇప్పటికీ సరుకు కంటే ముందు ఒక బల్ల వేస్తారు. వంతెన వచ్చాక బస్సులు నేరుగా పోతున్నాయి. ఆ బల్లల మీద ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు. అయినా పొద్దున కొట్టు తీయగానే ముందు బల్ల తుడుస్తారు.

ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. నా తర్వాత వచ్చిన అమ్మాయి మొదటి నెలలోనే దాన్ని తన వ్యాసంలో ఒక్క వాక్యంలో రాసేసింది. నా పాత వ్యాసాలు చదివి రాసింది, తప్పేమీ కాదు. కానీ ఆ పొద్దున ఇడ్లీ ప్లేటు అలాగే వదిలేసి లేచాను.

సత్యం గారు

తెనాలి ఆఫీసులో మా ఇంచార్జి సత్యం గారు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. చేరిన కొత్తలో ఒక మాట చెప్పారు.

“ఊరిని చరిత్ర అడక్కమ్మా. దారి అడుగు. చరిత్ర అదే చెబుతుంది.”

నాకు అర్థం కాలేదు. నా మొదటి వ్యాసంలో ఒక ఫ్యాన్సీ షాపు గురించి బోర్డు మీద ఉన్న పేరుతోనే రాశాను. ఆ పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. స్టేషన్ దగ్గర టీ కొట్టు నాగేశ్వరరావు బాబాయ్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“ఈ షాపు ఏ ఊళ్లో ఉందమ్మా?”

“మీ ఎదురుగానే బాబాయ్. అదిగో.”

“అదా! కిరసనాయిలు కొట్టు అని రాయకపోయావా. నేనేదో గుంటూరులో షాపు గురించి రాశావనుకున్నా.”

అక్కడ కిరసనాయిలు అమ్మడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు రిబ్బన్లు, గాజులు అమ్ముతారు. అయినా అది కిరసనాయిలు కొట్టే. ఆ రోజు నుంచి నేను ఎవరినీ చరిత్ర అడగలేదు. తెలిసిన చోటుకే దారి అడిగేదాన్ని. ‘పాత సినిమాహాలు పక్కన’, ‘గుర్రబ్బండ్లు ఆగే చోట’ అని వాళ్లు చెబుతుంటే, నా కళ్లకు కనపడే ఊరి కింద ఇంకో ఊరు పరుచుకుని ఉండేది.

సత్యం గారు గొప్ప గురువు. ఇంచార్జిగా మాత్రం ఒక్కోసారి కొంప ముంచేవారు. వంతెన వచ్చాక బజారు పలచబడిందని నేను జాగ్రత్తగా రాస్తే, ‘బజారుకు తాళం’ అని హెడ్డింగు పెట్టారు. మర్నాడు ఒక బట్టల కొట్టు పెద్దాయన తెనాలి ఆఫీసుకే వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

“తాళం పడిందని రాశారంటండి. మరి పొద్దున్నే కొట్టు తీసి వచ్చిన నేనెవర్నండి, దెయ్యాన్నా?”

సత్యం గారు ఆయనకు కాఫీ తెప్పించి, తప్పంతా నా మీద పెట్టారు. నేనూ తల ఊపాను. కొత్తగా చేరేవాళ్లకు చెబుతున్నాను. హెడ్డింగు మీరు పెట్టకపోయినా తిట్లు మీకే. ఊళ్లో తిరిగేది మీరే కాబట్టి.

రేపల్లె బజారు మీద ఒక ఆదివారం పూర్తి పేజీ ఇవ్వమని ఆయనను ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. ప్రతిసారీ ఒకటే జవాబు. “రేపల్లెకు ఫుల్ పేజీ ఏంటమ్మా. తెనాలి వాళ్లే చదవరు.”

బోణీ కాకముందు

బజారు మీద రాయాలనుకునేవాళ్లు తెల్లవారకుండానే వెళ్లాలని ఎవరో ఒకరు చెబుతారు. ఆ మాట వినకండి. నేను విన్నాను. మొదటి రైలు దిగి, స్టేషన్ రోడ్డు చివర ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాను. చివరగా కూర్చున్న ముసలామె ముందు మెత్తళ్లు, వేలెడంత ఎండుచేపలు, కుప్పగా పోసి ఉన్నాయి.

“ఎంతండి ఇవి?” అన్నాను, మాట కలపడానికి. ఆమె ధర చెప్పింది. నేను తల ఊపి పక్కకు జరిగాను.

“ఏయ్ అమ్మాయ్! ఎక్కడికి? బోణీ బేరం అడిగి ఊరికే పోతావా?”

“కొనడానికి రాలేదండి. పేపరు మనిషిని.”

“పేపరు మనిషివైతే నా బోణీ ఎవరు చేస్తారు, మీ పేపరు చేస్తదా?”

పక్కన ఉన్నవాళ్లంతా నవ్వారు. మెత్తళ్లు కొనక తప్పలేదు. మా ఇంట్లో ఎండుచేపలు వండరు. పొట్లం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని సాయంత్రం రైలెక్కితే, నా పక్క సీటు తెనాలి వచ్చేదాకా ఖాళీగానే ఉంది. ఆ ముసలామె పేరు కరుణమ్మ. తర్వాత తొమ్మిదేళ్లు, ప్రతి మంగళవారం ఆమె దగ్గరికి వెళ్లాను. బోణీ అయ్యాకే.

ఆమె కుప్ప పక్కన ఒక కరెంటు స్తంభం ఉంది. దాన్ని ఆనుకుని నిలబడేదాన్ని. బజారు కబుర్లన్నీ అక్కడికి వచ్చి పడేవి. ఎవరి కొట్టు చేతులు మారింది, ఎవరు కొత్తగా బల్ల వేశారు, ఎవరితో ఎవరు మాట్లాడటం లేదు, అన్నీ కరుణమ్మకు తెలుసు. ఒక్క సంగతి మాత్రం చెప్పేది కాదు. ఆ వరసలోని ఆడవాళ్లంతా స్టేషన్ వైపు తిరిగి కూర్చుంటారు. కొనేవాళ్లు వచ్చేది వీపు వెనకున్న బజారు వైపు నుంచి. వచ్చినవాళ్లు చుట్టు తిరిగి ముందుకు రావాలి. ఇలా ఎందుకని అడిగితే, “అలవాటేనమ్మా” అనేది. నేనూ అలవాటని రాసేశాను.

బోర్లించిన తట్ట

కరుణమ్మ పక్కన కూర్చునే రాహేలు కాన్పుకు వాడరేవులో పుట్టింటికి వెళ్లింది. మర్నాటి నుంచి ఆమె చోట ఒక ఖాళీ తట్ట బోర్లించి ఉంది. ఒకరోజు ప్లాస్టిక్ బకెట్లు అమ్మేవాడు వచ్చి దాన్ని కాలితో జరపబోయాడు. వరస మొత్తం లేచింది.

“ఖాళీయే గదమ్మా, కాసేపు కూర్చుంటా,” అన్నాడతను.

“ఖాళీ ఏంటయ్యా? తట్ట కనపట్టంలా?” అంది కరుణమ్మ.

“తట్టలో ఏం లేదుగా.”

“తట్ట బోర్లించి ఉంటే మనిషి ఉన్నట్టే. ఆ పిల్ల కాన్పుకెళ్లింది. నువ్వూ కాన్పుకెళ్లు, నీకూ పెడతాం తట్ట.”

అతను బకెట్లు ఎత్తుకుని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆ వరసకు కాగితాలు లేవు. చోటుకు పట్టా లేదు. ఉన్నది ఆ తట్టే. కాన్పుకు వెళ్లిన మనిషి చోటును బిడ్డకు నడక వచ్చేదాకా కాపాడతారు. నడక దాకానే ఎందుకని అడిగాను.

“పాకే పిల్లయితే గంపలో కూర్చోబెట్టుకుని యాపారం చేసుకోవచ్చమ్మా. నడిచే పిల్లని బస్సులు తిరిగే రోడ్డు మీద ఎట్టా ఆపుతావు? అది బడికి పోయేదాకా తల్లికి ఇల్లే. అన్నాళ్లు చోటు ఖాళీగా ఉంచితే అది చోటు కాదు, దారి అయిపోద్ది.”

ఇంకొక నియమం ఉంది. బిడ్డ నడిచాక కూడా ఆ చోట ఎవరూ తమంతట తాము కూర్చోరు. తల్లే వచ్చి, తన చేత్తో తట్ట ఎత్తి, గోనె పరిచి, కొత్త మనిషితో “కూర్చో” అనాలి. అలా అనిపించుకోకుండా కూర్చున్న మనిషితో వరసలో ఎవరూ మాట్లాడరు. ఉప్పు కూడా బదులివ్వరు.

రాహేలు పాకే పిల్లతో తిరిగి వచ్చింది, పిల్లను గంపలో పెట్టుకుంది. అందరికీ అలా కుదరలేదు. ఇంకొకామె నడిచే పిల్లను చంకనేసుకుని వచ్చి, తట్ట ఎత్తి, తోడికోడలితో “కూర్చో” అనేసి, మళ్లీ వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆమె వెళ్లిన తీరు మీద నేను ఒక వ్యాసం రాశాను. చాలా బాగా వచ్చిందని సత్యం గారు మెచ్చుకున్నారు. ఆమె అలా ఎందుకు నడిచిందో మాత్రం అప్పటికి నాకు తెలియదు.

మౌనిక

నా తర్వాత వచ్చిన అమ్మాయి పేరు మౌనిక. రేపల్లె పిల్లే. స్కూటీ ఉంది, రైలు టైము చూసుకోనక్కర్లేదు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. నన్ను ‘అక్కా’ అంటుంది. చేరిన రోజే ఫోన్ చేసి, “అక్కా, మీ శీర్షిక నాకిచ్చారు. భయంగా ఉంది,” అంది. “భయమెందుకమ్మా, బాగా రాయి,” అన్నాను. ఫోన్ పెట్టేశాక పాప పాలసీసాలు అవసరం లేకపోయినా మళ్లీ కడిగాను.

ప్రతి గురువారం పాప లేవకముందే పేపరు తీసి మౌనిక రాసింది చదివేదాన్ని. తప్పుల కోసమే చదివేదాన్ని. ఒకసారి కిరసనాయిలు కొట్టును బోర్డు మీది పేరుతో రాసింది. ఆ రోజంతా నాకు పండగలా ఉంది.

“దిద్దడం అయిందా టీచర్ గారూ? ఎన్ని మార్కులు?” అనేవారు మా ఆయన.

“మీకు వెటకారంగా ఉంది.”

“వెటకారం కాదు. అంత బాధగా ఉంటే మళ్లీ చేరొచ్చుగా?”

“పాపను ఎవరు చూస్తారు?”

ఆయన పాప లేచిందేమో చూడటానికి లోపలికి వెళ్లారు.

నాగేశ్వరరావు బాబాయ్ కొట్టు ముందు, ఆయన బల్ల మీద కూర్చుని, అల్లం టీ పట్టుకుని దిగిన ఫొటో ఒకటి మౌనిక ఫోన్ స్టేటస్‌లో పెట్టింది. ఆ గాజుగ్లాసు అంచు విరిగి ఉంటుంది. నాకు ఇచ్చే గ్లాసే అది. నాకు మొగుడి మీద కూడా అంత అనుమానం ఎప్పుడూ రాలేదు. ఆ గ్లాసును మాత్రం పెద్దది చేసి, విరిగిన అంచు అదేనా కాదా అని చూశాను. అదే.

తర్వాత సత్యం గారు ఫోన్ చేశారు.

“అమ్మా, శుభవార్త. రేపల్లె బజారు చరిత్ర మీద ఆదివారం ఫుల్ పేజీ వేస్తున్నాం.”

నన్నే రాయమంటారనుకున్నాను. ఆయన ఆగకుండా చెప్పుకుపోయారు.

“మౌనిక రాస్తోంది. అంతా వచ్చింది గాని ఎండుచేపల వరస దగ్గర ఆగిపోయింది. ఆ ముసలామె ఈ అమ్మాయితో పలకడం లేదు. నువ్వొకసారి వచ్చి పరిచయం చెయ్యాలి.”

“పేజీ మీద పేరు?”

“ఆ అమ్మాయిదే వస్తుంది కదమ్మా. నువ్వు మానేశావు కదా.”

పాపకు జలుబు అని చెప్పాను. ఆ వారమంతా పాపకు జలుబే. మరుసటి వారం మౌనికే ఫోన్ చేసింది.

“అక్కా, మామ్మగారు నన్ను స్తంభం దగ్గర నిలబడనివ్వట్లేదు. అక్కడ ఒక తట్ట బోర్లించి ఉంది. ‘లెగవే, అది ఒకళ్లది’ అంటారు. నించున్నదాన్ని లెగమంటారేంటండి అంటే ఇంకా కోపం.”

“తట్టా?”

“అవునక్కా. ఎవరిదో చెప్పరు. కాన్పుకెళ్లిన మనిషిదట.”

నేను ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయాను. ఆఫీసులో నా కుర్చీ మర్నాడే ఎవరో తీసుకున్నారు. నా శీర్షికకు నా పేరు తీసేశారు. బాబాయ్ గ్లాసు ఇచ్చేశాడు. ఒక్క కరుణమ్మ మాత్రం నేను నిలబడే జానెడు నేల మీద తట్ట పెట్టింది. ఎవరినీ రానివ్వలేదు. నాకు ఏడుపు వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ ఏడుపులో సంతోషమే ఎక్కువ.

“వస్తాను,” అన్నాను.

స్తంభం దగ్గర

చెరుకుపల్లి మీదుగా పోయే బస్సులో వెళ్లాను. పాపకు టోపీ, మందుల సంచి, థర్మామీటరు, రెండు జతల బట్టలు. కిటికీ గాలి తగలకుండా దారి పొడుగునా కొంగు అడ్డం పెట్టాను. పాప వారం క్రితమే ఇంట్లో నడిచింది. మా ఆయన చేతుల్లోంచి నా చేతుల్లోకి. వీడియో తీసి నా స్టేటస్‌లో పెట్టుకున్నాను. బస్సు దిగినప్పటి నుంచి మాత్రం చంక దింపలేదు.

కరుణమ్మ నన్ను దూరం నుంచే చూసింది.

“వందనాలు మామ్మా.”

“వందనాలు, వందనాలు. ఇప్పుడా రావడం! ఏదీ, బంగారుతల్లిని ఇటియ్యి.”

ఇవ్వలేదు. ఈగలు, దుమ్ము. “కొత్త మామ్మా, ఏడుస్తుంది,” అన్నాను.

“నీ తట్ట చూశావా? ముందు పెట్టింది వానకు చివికిపోయింది. ఇది రెండోది. కుక్కని కూడా రానీలా.”

మౌనిక కొంచెం అవతల, కొట్టు పంచ కింద నిలబడి ఉంది. ఫొటోల్లోకంటే చిన్నపిల్లలా ఉంది. భుజాన సంచి, నుదుట చెమట.

“ఈ పిల్ల నీ చోటుకొచ్చింది,” అంది కరుణమ్మ గట్టిగా, మౌనికకు వినపడేలా. “తల్లి ఇయ్యకుండా ఎట్టా కూర్చుంటావే అన్నా. నువ్వు చెప్పు. మళ్లీ వస్తావా?”

“వస్తాను మామ్మా.”

“ఎప్పుడు?”

నేను పాప టోపీ సర్దాను. ఆమె పాప కాళ్ల వైపు చూసింది.

“నడుస్తందా?”

“లేదు మామ్మా. పట్టుకుని నిలబడుతుందంతే.”

నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. పాప కాళ్లు రెండూ నా అరచేతిలో పట్టుకున్నాను. అప్పుడు తల తిప్పి మౌనికను చూశాను. ఆమె నన్నే చూస్తోంది. నా స్టేటస్ ఆమె చూసింది. పాప నడిచిన వీడియో కింద గుండె బొమ్మ పెట్టింది కూడా. ఆమెకు తెలుసు. ‘అదేంటక్కా, నడుస్తోందిగా’ అని ఒక్క మాట అంటే చాలు, చోటు ఆమెదైపోతుంది, ఫుల్ పేజీ పూర్తవుతుంది.

మౌనిక ఏమీ అనలేదు. తల దించుకుని, సంచి జిప్పు తీసి, మళ్లీ వేసింది.

“అయితే ఇంకా గడువుంది,” అంది కరుణమ్మ. “పో అమ్మాయ్. చోటు ఖాళీ లేదు.”

“సరేనండి,” అని మౌనిక స్కూటీ వైపు కదిలింది.

ఆ అమ్మాయి నోరు విప్పి ఉంటే నేను వాదించేదాన్ని. పోట్లాడటానికి సిద్ధంగానే వెళ్లాను. ఆ మౌనంతో ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆఖరికి మంచితనం కూడా ఆమెదే అవుతోందని మండిపోయింది. చేతిలో పాప కాళ్లు తన్నుకుంటున్నాయి. ఇంకెన్నాళ్లు పట్టుకోగలను ఈ కాళ్లను?

పాపను కింద దించాను.

పాప ఒక క్షణం తట్ట పట్టుకుని నిలబడింది. తర్వాత వదిలేసి, మెత్తళ్ల కుప్ప చుట్టూ తూలుకుంటూ నడిచి, రోడ్డు వైపు తిరిగింది. నేను పరుగెత్తేలోగానే మౌనిక వెనక్కి వచ్చి పాపను ఎత్తుకుంది.

కరుణమ్మ పాప కాళ్లనూ, తర్వాత నా ముఖాన్నీ చూసింది.

“ఆ నడక ఇయ్యాల్టిది కాదు గదే,” అంది మెల్లగా.

“కాదు మామ్మా.”

వంగి తట్ట ఎత్తాను. కరుణమ్మ గోనె అందించింది. స్తంభం మొదట్లో పరిచాను. మౌనిక వైపు చూడకుండా, “కూర్చో,” అన్నాను. వరస మొత్తం వింది.

మౌనిక పాపను నాకిచ్చి, లేతరంగు చుడీదారుతో ఆ గోనె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చుట్టూ చూసి, నేను తొమ్మిదేళ్లు అడిగిన ప్రశ్నే అడిగింది.

“మామ్మగారూ, కొనేవాళ్లు అటు నుంచి వస్తుంటే మీరంతా ఇటు తిరిగి కూర్చుంటారేంటండి?”

అలవాటేనమ్మా అంటుందని చూశాను.

“మా అత్త నేర్పిందమ్మా,” అని మొదలుపెట్టింది కరుణమ్మ. “అప్పుడు నేను కొత్త కోడల్ని. నిజాంపట్నం నుంచి చేపలు నెత్తిన పెట్టుకొచ్చి తెనాలి రైల్లో ఎక్కించేవోళ్లం. ఇక్కడ అమ్మేవోళ్లం కాదు. ఒకసారి వాన పట్టుకుంది. లైను మునిగి రైలు రాలా. పడవల మీద వచ్చిన జనం కూడా ఇక్కడే చిక్కుకుపోయారు. చేపలు తడిస్తే పోయినట్టే. అత్త ఇక్కడ కూలబడి, ఆ చిక్కుకున్నోళ్లకే అమ్మింది. ‘ఇటు తిరిగి కూర్చో, రైలొస్తే లేచి ఎక్కించేద్దాం’ అంది. మర్నాడూ రైలు రాలా. వచ్చేసరికి ఎక్కించడానికి గంపల్లో ఏం మిగల్లా. అప్పట్నుంచి ఇక్కడే. అత్త పోయింది. ఇటు తిరగడం మాత్రం ఎవరం మానలా.”

మౌనిక రాసుకోవడం మరిచిపోయి వింటోంది. నేను పాపను పట్టుకుని, స్తంభం పక్కన నిలబడి విన్నాను.

“మామ్మా, ఇది నాకెందుకు చెప్పలేదు? ఎన్నిసార్లు అడిగాను!”

“నువ్వెప్పుడు కూర్చున్నావే తల్లీ? రైలుకి టైమైందంటూ స్టేషన్ వైపే చూసేదానివి. మేమూ అటే చూసేవోళ్లం. ఇంక మాటెక్కడ సాగుద్ది?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా దగ్గర ఉన్న సలహా అంతా ఆ మాటలోనే ఉంది. దాన్ని నేను ఉద్యోగంలో ఉండగా నేర్చుకోలేదు.

బస్సుకు బయలుదేరుతుంటే కరుణమ్మ తట్టను నా చేతిలో పెట్టింది. “తీసుకుపో. ఇది నీకోసం పెట్టిందే.”

ఆదివారం పేజీ వచ్చింది. బాగుంది. ఎండుచేపల వరస కథ పై భాగంలో, పెద్ద ఫొటోతో వేశారు. కింద మౌనిక పేరు. తప్పుల కోసం మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. కిరసనాయిలు కొట్టు కూడా సరిగానే ఉంది. కుళ్లు తగ్గలేదు. తప్పు దొరకనందుకు ఇంకొంచెం పెరిగింది. పాపను కింద దించింది నేనేనన్న సంగతి ఆ పేజీలో లేదు. ఉండవలసిన పని కూడా లేదు. అందుకే ఇక్కడ రాసుకున్నాను.

తట్టను నేను రాసుకునే బల్ల పక్కన, వంటింటి మూల పెట్టాను. ఎంత కడిగినా మెత్తళ్ల వాసన పోవడం లేదు. నిన్న మా ఆయన ముక్కు మూసుకుని దాన్ని ఎత్తబోయారు.

“ఖాళీ తట్టే కదా. బయట పడేయనా?”

“ఖాళీ కాదండి,” అన్నాను. “బోర్లించి ఉంది చూడండి. మనిషి ఉంది.”